తడి దూది బరువు

2022 ఎండాకాలం. భద్రాచలం పోయే రోడ్డులో, ఊళ్లు పలచబడి అడవి చిక్కబడే చోట ఒక సర్కారు దవాఖానా. అందులో డయాలసిస్ యూనిట్. ఐదు మంచాలు, ఐదు మిషన్లు, ఒక ఏసీ. సిబ్బందిలో అందరికంటే ఎక్కువ సెలవులు వాడుకునేది ఏసీ. నేను అక్కడ టెక్నీషియన్ని. ఇంటర్‌లో బైపీసీ చదివి డాక్టరు కాలేక, బి.ఏ. తెలుగులో చేరి పండితుణ్నీ కాలేక, చివరికి డయాలసిస్ డిప్లొమా చేసినవాణ్ని. తెలుగు చదువు, డయాలసిస్ చదువు రెండూ ఒకే మంచం దగ్గర పనికొచ్చిన కేసు నా సర్వీసులో ఒక్కటే. దాని గురించే ఇది.

డయాలసిస్ అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. కిడ్నీలు పని మానేసినవారి రక్తాన్ని ఒక గొట్టం గుండా బయటికి తీసి, డయలైజర్ అనే జల్లెడలో కడిగి, ఇంకో గొట్టం గుండా లోపలికి పంపిస్తాం. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. కిడ్నీలు పోయినవారికి మూత్రం రాదు కాబట్టి తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. మొదట కాళ్లలో, తర్వాత ఊపిరితిత్తుల్లో. అందుకని రోజుకు ఇన్నే నీళ్లు తాగాలని కొలత ఉంటుంది. మిషన్ మాత్రం ఒక్క పూటలో డ్రమ్ము నీళ్లు తాగేస్తుంది. గుక్కెడు నీళ్ల కోసం నాలుక పిడచగట్టుకుపోయి దాని పక్కనే పడుకున్న మనిషికి ఈ సంగతి తెలియనివ్వకపోవడం మా వృత్తి మర్యాద.

ఆ మర్యాదను హమీదా బేగం గారు, మూడేళ్ల కిందట మా యూనిట్‌లో చేరిన రెండో వారంలోనే పట్టేశారు.

"అందరికీ ఒక్క నెలే రోజా బిడ్డా. నాకు పన్నెండు నెలలు. ఇఫ్తార్ కూడ నీ మిషనే తాగుతది, నేను చూస్తుంటా" అన్నారు.

ఆమె కారేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మా వార్డులో బీపీ చూసే నర్సు దగ్గర్నుంచి వార్డు ఊడ్చే ఆమె దాకా సగం మంది ఆమె శిష్యులే. కాబట్టి అక్కడ ఎవరూ ఆమెను పేషెంటు అనలేదు, టీచరమ్మ అనే అన్నారు. భర్త యాకూబ్ భాయ్. తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆయనకు చదవడం వచ్చింది ఉర్దూలో, అదీ కొద్దిగా. భార్య తెలుగులో అంత చదువుకున్నదని ఆయనకు గర్వమే కానీ, ఆ గర్వాన్ని ఎక్కడా బయటపెట్టినట్టు దాఖలా లేదు.

టీచరమ్మకు షుగర్ వల్ల చూపు సన్నగిల్లింది. ఒక రోజు సంచిలోంచి అట్ట ఊడిన పాత నవల తీసి నా చేతిలో పెట్టారు.

"చదువు. నాలుగు గంటలు మీ పంకా దిక్కు చూసుడు నాతోటి కాదు."

ఆ నవల పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది చదివామంటారు, మిగతా సగం మంది చదివినవాళ్లకంటే గట్టిగా వాదిస్తారు. కథ మాత్రం చెబుతాను. వకుళ అనే ఇల్లాలు. భర్త శేషాద్రి. అదే ఊళ్లో పడవ నడిపే చలపతి, ఆమెను చిన్నప్పటి నుంచీ ఇష్టపడినవాడు. నదికి అవతల వకుళ తల్లి చావుబతుకుల్లో ఉందని కబురొస్తుంది. నది పొంగి ఉంటుంది. వెళ్తానంటుంది వకుళ. శేషాద్రి వద్దని, రేవులో పడవకు గొలుసు చుట్టి తాళం వేస్తాడు. చలపతి ఆ తాళం పగలగొట్టి ఆమెను పడవెక్కిస్తాడు.

డిగ్రీలో మాకు ఈ నవలే నాన్-డీటెయిల్డ్. అంటే పైపైన చదవమని ఇచ్చే పుస్తకం. నేను దాన్ని మరీ పైనుంచి, గైడులో చదివాను. అందులో 'శేషాద్రిది కాపాడే ప్రేమ, చలపతిది విడిపించే ప్రేమ' అని ఉండేది. సొంత మాటల్లో రాయమన్నారు కాబట్టి గైడువాడి సొంత మాటల్లో రాసి పాసయ్యాను, ఆ సంగతి టీచరమ్మ దగ్గర ఒప్పుకున్నాను కూడా. అసలు పుస్తకం మొదటిసారి చదవడం, సూదులు గుచ్చి, గొట్టాలు తగిలించి, అందరి బీపీలూ ఒకసారి చూసుకున్న తర్వాత దొరికే ఖాళీలో, ఆ వార్డులోనే.

పుస్తకం టీచరమ్మ కోసం చదివినా వినేది ఐదు మంచాలూ. పడవ తాళం పగిలిన రోజున వార్డు రెండుగా చీలింది. పక్క మంచం సోమయ్య గోదావరి ఒడ్డు ఊరి మనిషి, నీళ్ల సంగతి తెలిసినవాడు.

"వరద గోదాట్ల ఆడమనిషిని పడవెక్కిచ్చినోనిది ప్రేమ గాదు సార్. వానికి బుర్ర లేదు" అని ఆయన తీర్పిచ్చేశాడు.

టీచరమ్మ కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చున్న యాకూబ్ భాయ్, ఆ చదువు మొదలయ్యాక మొదటిసారి నోరు విప్పాడు.

"శేషాద్రి జేసింది కరెక్టే. మనిషి బతికుంటే కోపం ఎప్పుడన్న తీర్చుకోవచ్చు."

"విన్నవా బిడ్డా?" అన్నారు టీచరమ్మ. "మా ఇంట్ల శేషాద్రి ఈయనే. గొలుసు మా వంటింట్ల కుండకుంటది."

"మంచోడనే గద అంటున్నవ్?" అన్నాడు యాకూబ్ భాయ్.

"మంచోడివే. మంచోడితోటి కాపురమే కష్టం."

కుండ సంగతి తర్వాత తెలిసింది. ఆమె రోజు నీళ్లను ఆయన పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టేవాడు. సీసా అయిపోతే అయిపోయినట్టే. ఆమె బతిమాలినా, తిట్టినా, తల్లిదండ్రుల మీద ఒట్టుపెట్టినా ఇంకో గుక్క ఉండదు. "చాలు" అనేవాడు. ఆ ఇంట్లో మూడేళ్లు ఎక్కువగా వినిపించిన మాట అదే. పరుపుల కొట్టులో దూది తూచే పెద్ద కాంటా ఉంది. రోజూ పొద్దున భార్యను దాని మీద నిలబెట్టి బరువు చూసేవాడు. మా దగ్గర డ్రై వెయిట్ అని ఒక లెక్క ఉంటుంది, ఒంట్లో చేరిన నీరంతా తీసేశాక మనిషి ఉండాల్సిన బరువు. దానికి పైన ఎంత పెరిగితే అంత నీరు చేరినట్టు. యాకూబ్ భాయ్ భార్య ఎప్పుడూ హద్దు దాటలేదు. మిగతా పేషెంట్ల ఇంటివాళ్లకు మేం ఆయన్ను చూపించి బుద్ధి చెప్పేవాళ్లం. దానివల్ల ఆయనకు వార్డులో స్నేహితులు తగ్గారు.

"ఆయన నీళ్లు నా ముంగట తాగడు" అన్నారు టీచరమ్మ ఒకసారి, ఆయన లేనప్పుడు. "ఎండకు ఎంత దూపైనా హోటల్ దాక పోయి తాగొస్తడు. నాకు తెల్వదనుకుంటడు. వచ్చేటప్పటికి గడ్డం తడిసుంటది."

మామిడిపండ్ల కాలంలో ఆమె చెల్లెలు షంషాద్ మధిర నుంచి రైలెక్కి, బస్సెక్కి, బుట్టెడు రసాలతో వచ్చింది. నవల్లో చలపతి ఎందుకంత తొందరపడతాడో నాకు షంషాద్‌ను చూశాక అర్థమైంది. అక్క పెదాలు ఎండి ఉంటే ఆమెకు గొంతు ఎండేది. మామిడిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలున్నవారికి అది బలం, లేనివారికి గుండె ఆగే ప్రమాదం. ఇదంతా యాకూబ్ భాయ్‌కి కంఠతా వచ్చు. బుట్టను వరండాలోనే ఆపేశాడు.

"బావా, ఒక్క పండు" అంది షంషాద్. "ఒక్క పండుకే ప్రాణం పోద్దా?"

"పోతది."

"ఏం మనిషివి బావా నువ్వు? మా అక్క అడిగిందంటే పెట్టాలని ఎప్పుడన్నా అనిపించిద్దా నీకు?"

"పెట్టుడు అందరికొస్తది."

"లేదనటం ఒక్కడివే నేర్చుకున్నావు మరి" అని ఆమె నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్. మీరు చదివినోళ్లు."

చదివినవాళ్లకు ఎప్పుడూ ఇలాంటి సమయంలోనే గుర్తింపు దొరుకుతుంది. మా వృత్తిలో ఒక వెసులుబాటు ఉంది. మిషన్ మీద ఉన్న మొదటి గంటలో చిన్న ముక్క తింటే, అందులోని పొటాషియంలో చాలా వరకు ఆ పూటే మిషన్ లాగేస్తుంది. డాక్టర్ ఒప్పుకుంటేనే, అదీ చిన్న ముక్కే. ఆ మాట చెప్పాను. వెనక్కి తగ్గినట్టు కనిపించకుండా ఎలా తగ్గాలో ఇద్దరూ కాసేపు ఆలోచించారు. మరుసటి సెషన్‌కు డాక్టరమ్మ అనుమతితో స్టీలు డబ్బాలో ముక్క వచ్చింది. కోసింది యాకూబ్ భాయ్, తినిపించింది షంషాద్. టీచరమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు నమిలారు.

"ఎట్లుంది అక్కా?"

"మస్తు తియ్యగుంది" అన్నారు.

షంషాద్ చెయ్యి కడుక్కోవడానికి పోయాక నాతో మెల్లగా అన్నారు, "నాలుకకు రుచి సచ్చి యాడాదైంది బిడ్డా. నా చెల్లెకు చెప్పకు."

రక్తంలో మలినాలు పెరిగితే నోటికి రుచి పోతుంది, మామూలే. మామూలు విషయాలు ఇలా ఎదురైనప్పుడు ఏమనాలో మా డిప్లొమాలో లేదు. పుస్తకం తెరిచాను.

"గైడ్ల వకుళ గురించి ఏం రాసిండ్రు?" అన్నారామె హఠాత్తుగా.

"ఏం రాయలేదు టీచరమ్మా. ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు."

"అవ్. రాదు. వాడు ఎట్ల ప్రేమించిండు, వీడెట్ల ప్రేమించిండు, గిదే ముచ్చట. నేను కూడ పిల్లలకు గట్లనే చెప్పిన. వకుళ ఏమన్న బండరాయా? ఆమెక్కూడ ఒక తీరుంటది గద." నన్ను కాకుండా పైకప్పును చూస్తూ అన్నారు. "ఈ మిషన్ నాకు గాదు బిడ్డా, ఆయనకు. పొద్దున కాంటా, పగలు సీసా, గోలీలు. అవి లేకపోతే ఆయన చేతులేం జేసుకుంటడు? అందుకే వస్తున్న."

యాకూబ్ భాయ్ అప్పుడే లోపలికొచ్చాడు. గడ్డం తడిగా ఉంది. ఆమె నన్ను చూసి నవ్వి, "చదువు" అన్నారు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆమె ఆయాసంతో వచ్చారు. పడుకోలేకపోతున్నారు, కూర్చుని మంచం అంచు పట్టుకున్నారు. ఆ రోజు ఖమ్మం నుంచి వచ్చే కిడ్నీ డాక్టరమ్మ ఉన్నారు. మేమేమీ అడగకముందే యాకూబ్ భాయ్ సంజాయిషీ చెప్పడం మొదలుపెట్టాడు.

"బరువు పెరగలే సార్. పొద్దున కాంటా మీద చూసిన. మొన్నెంతో ఇయ్యాల గంతే. సీసా కంటే ఒక్క చుక్క ఎక్కువియ్యలే. కావాలంటే అడుగున్రి."

డాక్టరమ్మ టీచరమ్మ మోకాలి కింద బొటనవేలితో నొక్కారు. పడ్డ గుంట పైకి లేవలేదు. తర్వాత ఆమె ముంజేతి గాజుల్ని పైకి జరిపారు. అవి అడ్డు లేకుండా మోచేతి దాకా పోయాయి. డాక్టరమ్మ నాకు ఇంగ్లీషులో చెప్పి, ఆయనకు తెలుగులో చెప్పమన్నారు. ఇలాంటి తర్జుమాలు చేసేటప్పుడు ఏ డిగ్రీ అయినా ఒకటే.

"బరువు పెరగలేదు భాయ్, నిజమే. కానీ మనిషి తగ్గింది. తిండి సహించక కండ కరిగిపోయింది. కరిగినంత మేర నీరు చేరింది. అందుకే కాంటా మీద అంకె మారలేదు."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత గాజుల వైపు చూశాడు.

"అంటే తడి దూది" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"దూదిల తడి పట్టిందనుకో, కాంటా సరిగ్గనే చూపిస్తది. లోపట సరుకుండదు. మా నాయిన నాకు మొదాలు నేర్పిందే అది. కాంటాను నమ్మకురా, పిడికిట్ల పట్టి చూడు అని." ఆయన గొంతు మామూలుగానే ఉంది, కొట్టులోకి వచ్చిన మనిషికి సరుకు గురించి చెబుతున్నట్టు. "మూడేండ్ల సంది కాంటా మీదనే చూసిన."

ప్రతి పొద్దునా ఆమెను తూచిన మనిషి, నాకు తెలిసి మొదటిసారి, నలుగురి ముందు భార్య చేయి పట్టుకున్నాడు. వేళ్లన్నీ చుట్టి, మెల్లగా నొక్కి చూశాడు.

టీచరమ్మ ఆయాసపడుతూనే, "ఏంది, ఇప్పుడు బేరం జేస్తవా?" అన్నారు.

ఆయన చేయి వదల్లేదు.

ఆ తర్వాత జరిగింది వైద్యం ప్రకారం చిన్న విషయం. గుండెకు స్కానింగ్ తీశారు. అది బాగా నీరసించిపోయింది. ఒంట్లో నీరు తీయాలని మిషన్ పెడితే బీపీ పడిపోయేది, కాళ్లు కొంకర్లు పోయేవి, సగంలో ఆపేవాళ్లం. ఆపితే నీరు మిగిలి ఆయాసం. రెండు రోజులకు మళ్లీ అదే. నాలుగైదు సెషన్లు అలా గడిచాయి. నవల ముందుకు సాగలేదు. తెరిచిన పేజీ దగ్గరే వేలు పెట్టుకుని నేను బీపీ చూస్తూ ఉండేవాణ్ని.

ఒకసారి మిషన్ ఆపి సూదులు తీస్తుంటే ఆమె అన్నారు, "ఇగ నేను రాను బిడ్డా."

దీన్ని మా దగ్గర డయాలసిస్ విత్‌డ్రాయల్ అంటారు, పేషెంట్ తనంతట తాను చికిత్స మానుకోవడం. ఆ తర్వాత మిగిలేది కొద్ది రోజులే. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు. సూది తీసిన చోట దూదితో అదిమి పట్టుకుని, "భాయ్‌కి చెప్పారా?" అన్నాను.

"మూడేండ్లు ఆయన కోసం వచ్చిన. పోవుడు కూడ ఆయన్ని అడిగే పోవాలె. కని నా నోటితోటి రావట్లే."

డాక్టరమ్మ వచ్చిన రోజున చిన్న గదిలో కూర్చున్నాం. షంషాద్‌ను మధిర నుంచి పిలిపించారు. ఇకపై మిషన్ వల్ల మేలు కంటే బాధే ఎక్కువని, పేషెంట్ కూడా వద్దంటున్నారని, ఆయాసానికీ నొప్పికీ ఇంటి దగ్గరే మందులిస్తామని డాక్టరమ్మ చెప్పారు. షంషాద్ ఒప్పుకోలేదు.

"విజయవాడ తీసుకుపోతా. ఇంకేదన్నా మిషన్ ఉంటది. అక్క ఏదో బాధలో అంది, అంటే ఆపేస్తారా మీరు?"

మామిడిపండు దగ్గర 'అక్క అడిగింది కదా' అని కొట్లాడిన మనిషే ఈమె.

యాకూబ్ భాయ్ అంతకుముందు రోజు మసీదులో పెద్దాయనతో చాలాసేపు మాట్లాడి వచ్చాడట. ఏం మాట్లాడాడో ఎవరికీ చెప్పలేదు. టోపీ తీసి, మడిచి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆపుదాం" అన్నాడు.

షంషాద్ లేచి నిలబడింది. "మూడేళ్లు గుక్కెడు నీళ్లు అడిగితే ఇయ్యలా నువ్వు. ఇవాళ ప్రాణమడిగితే ఇచ్చేస్తున్నావా బావా?"

"అప్పుడు బతుకుతదని ఇయ్యలే."

"ఇప్పుడో?"

ఆయన మోకాలి మీది టోపీని విప్పి మళ్లీ మడిచాడు. షంషాద్ అది చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని మళ్లీ కూర్చుంది. కూర్చున్నది ఇందాకటి కుర్చీలో కాదు, ఆయన పక్క కుర్చీలో.

నేను వాళ్లింటికి ఒక ఆదివారం వెళ్లాను. కొట్టు మూసి ఉంది. పక్క గదిలో కొత్త పరుపు మీద, వీపుకు ఎత్తుగా దిండ్లు పెట్టి, టీచరమ్మను కూర్చోబెట్టారు. ఆ పరుపు కోసం యాకూబ్ భాయ్ దూదిని రెండుసార్లు ఏకాడని షంషాద్ చెప్పింది. మంచం పక్కన చెంబు నిండా నీళ్లు, గ్లాసు. సీసా కనబడలేదు. డాక్టరమ్మ కొలత ఎత్తేశారు, ఎంత అడిగితే అంత ఇవ్వమన్నారు.

ఆయన ఆమె తల వెనక చేయి పెట్టి గ్లాసు నోటికి ఆనించాడు. ఆమె ఒక గుక్క తాగారు. ఇంకో అరగుక్క. తల పక్కకు తిప్పుకున్నారు.

"ఇంకొంచెం తాగు" అన్నాడాయన.

"చాలు."

"జర తాగు హమీదా. సల్లగున్నయి. కుండల్ది."

"చాలన్న గద."

"ఒక్క గుక్క."

ఆమె ఆయన్ని చూశారు. గ్లాసు ఇంకా ఆమె పెదాల దగ్గరే ఉంది. నాకు తెలిసి ఆమెకు దాహం లేదు. ఒంట్లో ఒక్కొక్కటీ పని మానేస్తున్నప్పుడు దాహం కూడా పోతుంది. అయినా నోరు తెరిచారు. ఆయన పోశాడు. అందులో సగం గడ్డం మీదుగా జారి మెడలోకి పోయింది. షంషాద్ కొంగుతో తుడిచింది.

ఆ రోజు మామిడి ముక్కను ఎవరి కోసం నమిలారో, ఈ గుక్కను ఎవరి కోసం మింగారో నాకు తెలుసు. గైడులో రాని ప్రశ్నకు జవాబు నా ఎదురుగా ఉంది.

బయల్దేరేటప్పుడు, "పుస్తకం నీ దగ్గరుంచుకో" అన్నారు. "ఈసారి పూర్తిగ చదువు." అదే ఆమె నన్ను కోప్పడ్డ ఆఖరుసారి. ఆ వారంలోనే పోయారు. నిద్రలో, ఆయాసం లేకుండా. మా వృత్తిలో దాన్ని మంచి ముగింపు అంటారు. నేను కూడా అంటాను, ఎదుట ఇంటివాళ్లు లేనప్పుడు.

నలభై రోజుల ఫాతిహా ప్రార్థనలు అయిపోయాక యాకూబ్ భాయ్ యూనిట్‌కు వచ్చాడు. మిగిలిపోయిన మందులు, కట్టుగుడ్డలు, ఇంకెవరికన్నా పనికొస్తాయని తెచ్చాడు. సోమయ్య మంచం దగ్గర కాసేపు నిలబడి పలకరించాడు. ఆమె మంచంలో మణుగూరు వైపు నుంచి వచ్చే కొత్తాయన ఉన్నాడు. యాకూబ్ భాయ్ అటు చూసి, చూపు తిప్పుకుని, నాతో వరండాలోకి వచ్చాడు.

"సార్, ఒకటడుగుత. ఆ పడవ పోయినంక శేషాద్రి ఏం జేసిండు?"

పుస్తకం నేను అప్పటికి పూర్తిచేశాను. టీచరమ్మ అన్నట్టు ఈసారి పూర్తిగా. పడవ అవతలి ఒడ్డుకు చేరిందో లేదో రచయిత రాయలేదు. శేషాద్రి రేవు నుంచి ఇంటికొస్తాడు. వంటింట్లో వకుళ వెళ్లేముందు వండి, మూతపెట్టిన అన్నం ఉంటుంది. దాని ముందు కూర్చుంటాడు. నవల అక్కడ అయిపోతుంది. అదే చెప్పాను.

"తిన్నడా మరి?"

"రాయలేదు భాయ్."

ఆయన వరండా గోడకు ఆనుకుని ఆలోచించాడు. దవాఖానా ఆవరణలో మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఒకామె టిఫిన్ క్యారియర్ పట్టుకుని డయాలసిస్ గది ఎక్కడని అడిగింది, చూపించాను.

"తినే ఉంటడు" అన్నాడు యాకూబ్ భాయ్. "ఆమె పెట్టి పోయింది గద. కడుపుకు పట్టకున్న తింటడు."

టోపీ సర్దుకుని మెట్లు దిగాడు.

ఆ కేసు నుంచి నేర్చుకున్నవి రెండు. మొదటిది వృత్తికి సంబంధించినది. బరువు అంకె చూసి ఊరుకోను. ప్రతి పేషెంట్ కాలు నొక్కి చూస్తాను, ముంజేయి చుట్టూ వేళ్లు పెట్టి చూస్తాను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు అదే చెబుతాను. పిడికిట్లో పట్టి చూడమని.

రెండోది వృత్తికి సంబంధించినదో కాదో నాకు తెలియదు. నవల్లో మనుషులకు ఒక సౌకర్యం ఉంది. మొదటి పేజీలో ఎలా ప్రేమించారో చివరి పేజీ దాకా అలాగే ప్రేమిస్తే సరిపోతుంది. వద్దన్నవాడు వద్దంటూ, ఇచ్చినవాడు ఇస్తూ ఉండొచ్చు. పరీక్షకు తేలిక. బయట అలా కుదరదు. కాపాడినవాడే ఒక రోజు వదలాల్సి వస్తుంది. అడిగిందల్లా ఇచ్చినవాళ్లే ఒక రోజు చేయి పట్టుకుని వెళ్లొద్దనాల్సి వస్తుంది.

మణుగూరు ఆయన భార్య, తమ్ముడు మొన్న వార్డు తలుపు దగ్గర పుచ్చకాయ గురించి గొడవపడ్డారు. ఆమె వద్దంటోంది, అతను అన్న అడిగాడంటున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి, "మీరు చెప్పండి సార్" అన్నారు. పొటాషియం గురించీ, నీళ్ల గురించీ చెప్పాను. ఎవరిది ప్రేమో చెప్పలేదు. ముందుముందు వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు మాట్లాడాల్సి రావచ్చని కూడా చెప్పలేదు. చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, లోపలికి వెళ్లి ఆయన ముంజేయి పట్టుకున్నాను. ఇంకా కండ ఉంది.